ఆదివారం తూకం

అర్జెంటీనాలోని బ్వేనోస్ ఐరెస్. జూన్ నెల, అక్కడ చలికాలం. వెంగ్ దెషున్ కిరాణా కొట్టు వెనక గది. భార్య రుయ్‌లాన్ పాప తింగ్‌తింగ్‌ను ఆసుపత్రిలో చూపించి ఇప్పుడే వచ్చింది. అతని తల్లి గంజి కలుపుతోంది.

"మార్చిలో మా అమ్మ చేతికిచ్చినప్పుడు పాప అయిదు కిలోల ఎనిమిది వందలు. మొన్న ఆదివారం ఆరు కిలోల ఆరు వందలు. నేననేది కాదు రుయ్‌లాన్, మన కొట్టు కాటా చెప్పింది."

"ఆసుపత్రి కాటా అయిదు కిలోల తొమ్మిది వందలంది. మూడు నెలలకి వంద గ్రాములు. డాక్టరమ్మ నన్ను దొంగని చూసినట్టు చూసింది. ఇంట్లో ఏం పెడుతున్నారంది."

"బియ్యం గంజి అని చెప్పకపోయావా అమ్మాయ్? వీణ్ణి దాంతోనే పెంచాను."

"చెప్పాను అత్తయ్యా. పాలెందుకు మాన్పించావంది. నా పాలు నీళ్లలా ఉన్నాయని మీరన్నారని చెప్పనా?"

"ఉన్నమాటే. గ్లాసులో పోసి చూపించాను కూడా."

"అమ్మా, నువ్వాగు. రుయ్‌లాన్, మనం అనుకున్నదేంటి? గంజితో బరువు పెరిగితే గురువారం తింగ్‌తింగ్ మా అమ్మతో చైనా వెళ్తుంది, బడి ఈడొచ్చాక తెచ్చుకుంటాం. పెరగకపోతే ఇక్కడే. పెరిగింది. ఇక..."

"నీ కాటాని నమ్మి ఒప్పుకున్నాను. పాలు ఎండిపోయేదాకా నమ్మాను."

"నా కాటా తప్పు చెప్పదు. తూనికల వాళ్లు తనిఖీ చేసి దానికి సీలేసి పది రోజులు కాలేదు. వాళ్లదే పాడై ఉంటుంది."

"రెండు కాటాల మీద తూయించాను. బట్టలన్నీ విప్పించి మరీ."

"ఈ చలిలో విప్పించావా? పసిదానికి జలుబు చేస్తే..."

"అమ్మా, ఆగు. రుయ్‌లాన్, అన్నీ విప్పించారా?"

"డైపరు కూడా. ఎందుకు?"

"మార్చిలో ఎండలు. ఒంటి మీద గుడ్డ లేకుండా తూచాను... అమ్మా, మొన్న ఆదివారం తూచినప్పుడు పాపకి వేసి ఉన్న ఆ దూది కోటు ఇటివ్వు. పాంటు, టోపీ, బూట్లు కూడా."

"ఏం చేస్తావురా?"

"అట్టపెట్టె బరువు తీసేయకుండా ద్రాక్షపళ్లు అమ్మితే కొన్నవాళ్లు ఊరుకుంటారా? ఇటివ్వు."

"నేను కుట్టింది చలికి. తూకానికి కాదు."

"ఎంతుంది దెషున్? గట్టిగా చెప్పు. అత్తయ్యకి వినపడాలి."

"ఏడు వందలు."

"అయితే?"

"గంజితో వచ్చింది వంద. దూదితో వచ్చింది ఏడు వందలు. అమ్మా, గురువారం నువ్వొక్కదానివే వెళ్తున్నావు."