బెయిలు షరతు

కంపెనీ మురికినీటి పైపును సముద్రంలోకి వెయ్యడానికి వీల్లేదని అడ్డుపడి జైలుకెళ్ళిన జాలరి, ఆ సాయంత్రం బెయిలు మీద బయటికొచ్చాడు. అనకాపల్లి బస్టాండులో అతని పక్కన భార్య ఉంది.

"రాంబిల్లి బస్సొచ్చింది, ఎక్కు," అన్నాడతను.

"నేనెక్కుతాను. నువ్వెక్కకూడదు. కేసు తేలేదాకా మనూళ్ళో నువ్వు అడుగెట్టకూడదని జడ్జిగారు షరతెట్టేరు."

"సీకటడ్డాక వత్తాను. ఎవులు సూత్తారు?"

"నీకు జామీనున్నది మా అన్న స్టీవెను. నువ్వొత్తే అది ఆడి మెడకి సుట్టుకుంటాది."

"సేపల యేటకెళ్ళకుండా ఎలాగ బతకను? ఈ ఊళ్ళో సముద్రమేదీ?"

"ఇక్కడే మా అక్క ఇంట్లో ఉండు."

"పైపుకాడ మనోళ్ళ దీక్ష టెంటులో నా సోట ఎవులు కూసుంటారు?"

"రేపట్నుంచి నేను."

"నిన్నూ పట్టుకుపోతే?"

"పట్టుకుపోనీ మావా. బెయిలిచ్చినప్పుడు నాకూ ఇదే షరతెడతారు. అప్పుడింక నీ కాడే ఉంటాను."