కోట కింద వియ్యపురాళ్ళు

అబ్బబ్బ, ఇంకా పైకా? ఆ జెండా పట్టుకున్న గైడుకి ఉన్నవి కాళ్ళా, చక్రాలా? వెళ్ళనివ్వండి వదినగారూ, వాళ్ళని వెళ్ళనివ్వండి. మనం ఈ బల్ల మీద కూర్చుందాం. పైన మాత్రం ఏముంటుంది, ఇంకో గోడ! దేశం కాని దేశం వచ్చి పొద్దున్నుంచీ చూసిన గోడలు చాల్లేదూ?

చెప్పే వచ్చాన్లెండి. మీకు మోకాలు నొప్పని చెప్పా. నాకు అని చెప్తే ఆ రిటైర్డ్ ఇంజనీరుగారు మళ్ళీ ఏదో పూతమందు పట్టుకొస్తాడు. అదేం మనిషండీ! ఏ గోడ కనిపించినా వేలితో కొట్టి చూసి తల పంకిస్తాడు. వందల ఏళ్ళుగా నిలబడ్డ కోట, పాపం, ఈయనగారి సంతకం కోసమే ఆగినట్టు!

ఇక ఆ ఒకే రంగు టోపీల మొగుడూ పెళ్ళాలు. ఒక్క రాయినైనా తిన్నగా చూశారా? అన్నిటికీ వీపు పెట్టి నిలబడి నవ్వడమే.

సరే, వాళ్ళ గోల మనకెందుకు. ఇందాక గైడు చెప్పింది విన్నారా? రాజుగారు రాణిగారి మీద ప్రేమతో ఈ కోట కట్టించాడట. ఏ రాయి ఏ కొండ నుంచి వచ్చిందో, ఏ తలుపు ఎవరు చెక్కారో గడగడా అప్పజెప్పాడా? ఆ రాణి పేరేమిటయ్యా అని అడిగా. నీళ్ళు నమిలాడు! పేరు ఎక్కడా రాయలేదట. తలుపు చెక్కినవాడి పేరు ఉందిట, ఆవిడ పేరు లేదుట. ఒళ్ళు మండిపోయిందనుకోండి.

నవ్వుతారేం? మీకంతా ముచ్చటే. పొద్దున బస్సులో ఆ వెనక సీటావిడతో ఏమన్నారు? "మా అమ్మాయీ అల్లుడూ కలిసి మా ఇద్దరినీ పంపారండీ, ఎంత ప్రేమో" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా. ఎందుకని అడగరేం?

మా వాడు కట్టిన ఇల్లు చూశారుగా. ఎవరొచ్చినా వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి మేడ దాకా చూపిస్తాడు. చేతిలో జెండా ఒక్కటే తక్కువ.

మొన్నామధ్య వాడి ఆఫీసువాళ్ళు వచ్చారు. ఈ బండ ఫలానా చోటిది, ఈ దీపం ఫలానా చోటిది అంటూ స్విచ్చులు వేస్తూ ఆర్పుతూ వంటింట్లోకి తీసుకొచ్చాడు. అలమరాలు తెరిచి చూపించాడు. పొయ్యి మీది పొగగొట్టం చూపించాడు. మీ అమ్మాయి అక్కడే ఉంది, చేతులనిండా పిండి. అలమరాకి అడ్డమని పక్కకి జరిగింది. వచ్చినవాళ్ళలో ఒకాయన, పాపం మర్యాదస్తుడు, "ఈవిడ..." అంటూ ఆగాడు. మా వాడు వినిపించుకుంటేనా! "పైకి టీ పంపించు" అని చెప్పి, వాళ్ళకి సామాన్ల గది చూపించడానికి వెళ్ళిపోయాడు.

కొడతాడా అనా? కొట్టడు. తిట్టడు, తాగడు. మాట్లాడడు, అంతే! "ఉప్పు ఎక్కువైందని తనకి చెప్పమ్మా" అంటాడు నాతో. తను ఎదురు కుర్చీలో కూర్చుని ఉంటుంది వదినగారూ! ఏళ్ళ తరబడి ఇదే వరస.

నా కొడుకే. కాదన్నానా? నేను కన్నవాణ్ణి నేను కాకపోతే ఇంకెవరు తిడతారు?

మీకు తెలీదని మాత్రం అనకండి. రెండుసార్లు వచ్చి మీ దగ్గర ఏడ్చిందిగా. మొదటిసారి సర్దుకుపోవాలమ్మా అన్నారు. రెండోసారి బట్టలతో సహా వస్తే, మీరే వెంటబెట్టుకొచ్చి మా గుమ్మంలో దింపారు. పైగా, "చిన్నపిల్ల, తెలీక చేసింది, క్షమించండి" అని నా చేతులు పట్టుకున్నారు. నా చేతులు! ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. మగపిల్లాడి తల్లిని కదా, బింకంగా నిలబడ్డాను. మీకూ నాకూ అంతే తేడా.

కూర్చోండి, లేవకండి. ఇది చెప్పాలనే మిమ్మల్ని కింద ఆపేశాను. మీ మోకాలూ కాదు, నా మోకాలూ కాదు.

ఈ టూరు పిల్లలు పంపలేదు. నేనే పెట్టాను. మీరు ఊళ్ళో ఉండకూడదని పెట్టాను. ఉంటే అమ్మాయిని గుమ్మంలోనే ఆపేసి మళ్ళీ మా ఇంటికే తెచ్చి దింపుతారు, మీ సంగతి నాకు తెలీదూ? మొక్కలకి నీళ్ళు పొయ్యమని ఇంటి తాళంచెవి అమ్మాయికిచ్చి వచ్చారుగా. నిన్న సామాను సర్దుకుని మీ ఇంట్లో దిగింది. మా వాడితో ఇక ఉండదు. విడిపోతోంది. వెళ్ళిపొమ్మన్నది వాడు కాదు, నేను.

అలా చూడకండి. తిడితే తిట్టండి, పడతాను. అంతేగానీ పరువు అనకండి! ఎవరి పరువు? ఎవరి దగ్గర పరువు? వేలితో గోడలు కొట్టే ఆయన దగ్గరా, టోపీలవాళ్ళ దగ్గరా?

నా సంగతేముంది, మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాలి. వాడికి వండిపెట్టాలి. వచ్చినవాళ్ళు వంటిల్లు చూడ్డానికొస్తే ఇక పక్కకి జరగాల్సింది నేనే. జరుగుతాను. కన్నందుకు ఆ మాత్రం అనుభవించాలి. దానికేం ఖర్మ?

ఉండండి, ఫోను మోగుతోంది. అదే! అమ్మకి చెప్పారా అని పొద్దున్నుంచీ చేస్తూనే ఉంది.

హలో... ఆఁ, చెప్పానమ్మా. ఇప్పుడే చెప్పా. ఇక్కడే, నా పక్కనే ఉంది. లేదు, తిట్టడం లేదు. ఏడుస్తోంది. ఏంటీ?... ఉండు, అడుగుతా.

వదినగారూ, అది అడుగుతోంది. మీ ఇంట్లోనే ఉండమంటావా, మళ్ళీ సామాను సర్దుకోమంటావా అని అడుగుతోంది. ఏం చెప్పను?

తల ఊపితే దానికెలా తెలుస్తుందండీ? ఇదిగో ఫోను. నోరు తెరిచి చెప్పండి.