సాయం వచ్చినవాడు

కొత్త సూపర్‌వైజరుకి తెలుగొచ్చు. రేకుల గదిలో కూర్చుని పాత కార్డొకటి తిప్పి చూస్తున్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి చేతులకి ఇంకా తడి సిమెంటు ఉంది.

"నాలుగో అంతస్తు గోడలన్నీ కట్టింది నువ్వే కదా! కార్డు మీద హెల్పర్ అని ఉందేంటయ్యా?"

"మొదట్నించీ అదే సార్. కూలీ కూడా హెల్పర్ కూలీయే."

"ఎన్నేళ్లయింది?"

"పదకొండు."

"మేస్త్రీ పని చేస్తూ పదకొండేళ్లు నోరెత్తలేదా?"

"ఇక్కడి భాష రాదు కదా సార్. వచ్చిన రోజు, ఏం పనికొచ్చావని గుమాస్తా అడిగాడు. మా అన్నకి సాయం వచ్చానన్నాను. తోడొచ్చానని నా ఉద్దేశం. పక్కనున్నవాడు ఆ మాట వాళ్ల భాషలో చెప్తే, ఆయన హెల్పర్ అని రాసేసుకున్నాడు."

"భలేవాడివే! మీ అన్నని కూడా పిలువు. ఇద్దరి కార్డులూ ఒకేసారి చూసేద్దాం."

"రెండో ఏడే నడుం పడిపోయి ఇంటికెళ్లిపోయాడు సార్. ఆయన తాపీ నాకిచ్చి వెళ్లాడు. దాంతోనే కడుతున్నా."

"సరే, మేస్త్రీ అని మారుస్తున్నా. కూలీ పెరుగుతుంది. ఇలాగే చేస్తే నాలుగేళ్లలో ఫోర్‌మన్‌వి కూడా అవుతావు. ఏం, మార్చమంటావా?"

"మార్చండి సార్. అన్నే ఇక్కడ లేనప్పుడు, ఇంకా ఎవరికి సాయం వచ్చానని చెప్పుకోను?"