పేలని నాలుగు తూటాలూ నావే

"తాతా, వైజాగులో ఆ క్లబ్బు ఉద్యోగం నువ్వు మానేసావా, ఆళ్లే తీసేసారా? అమ్మ ఒకటి సెప్తాది, మావయ్య ఒకటి సెప్తాడు."

ఇద్దరూ తప్పే సెప్తన్నారు. కూకో బుల్లీ, సెప్తాను. రికార్డింగు ఎట్టుకుంటావా? ఎట్టుకో, నాకేటి బయం.

నాను మిలట్రీలో ఆర్మరర్ని కదా, అంటే తుపాకులు బాగుసేసేవోడిని. మీ అమ్మమ్మ మందస దాకా ఎల్లి మా ఆయన యుద్ధాలు సేసాడని సెప్పుకునేది. నాను సేసింది నూనె రాయడం, స్ప్రింగులు మార్చడం. పింఛనొచ్చాక ఇక్కడ కొబ్బరికాయలు లెక్కెట్టుకుంటూ కూకోలేక వైజాగులో ఒక షూటింగు క్లబ్బులో సేరాను. పిస్టలు పోటీలకి కావలసిన తూటాలు అక్కడే సేత్తో నింపేవోళ్లం. దొంగపని కాదమ్మా, అనుమతి కాయితం గోడకి తగిలించే ఉండేది.

తూటా అంటే ఏటి? ఇత్తడి గొట్టం, అందులో మందు, ముందు గుండు. అడుగున కందిబద్దంత ప్రైమరు ఉంటాది. పిస్టల్లో సూది ఎల్లి దాన్ని కొడితే నిప్పు పుట్టి మందు అంటుకుంటాది. అందరూ మందు గురించే మాటాడతారు, కందిబద్దని ఎవుడూ పట్టించుకోడు. అదే మందు, అదే గుండు ఉంచి ప్రైమరొక్కటీ మార్చి సూడు. ఒక రకానికి దెబ్బ పైకి పోద్ది. ఇంకో రకానికి దెబ్బలన్నీ సెదిరిపోతాయి. కొన్నిటి రేకు మెత్తన, కొన్నిటిది గట్టి. గట్టిదానికి గట్టి దెబ్బ తగలాలి. నేకపోతే టిక్కుమంటాది, అంతే. పేలదు.

అక్కడికి రూతు అని టెక్కలి గుంట వచ్చేది. పోలీసు కానిస్టేబులు. మనిషి సన్నం, గురి మట్టుకు దారం కట్టినట్టుండేది. ఆళ్లమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది. మా అమ్మదీ అదే పని కదా. పిక్క సరిగ్గా ఉడక్కపోతే పప్పు బద్దలయిపోద్ది, బద్దయితే కూలి కోసేసేవోరు. ఓరోజు మా అమ్మ గంపడు బద్దలూ తెచ్చి మేనేజరు ముందు కుమ్మరించినాది. "ఉడకబెట్టినోడిని అడక్కుండా నా సేతిని అడుగుతావేటి బావూ?" అన్నాది. పదిహేను రోజులు గుమ్మం తొక్కనివ్వలేదు. అప్పుడు టీ పావలా, ఆ పావలా కూడా నేదు ఇంట్లో. అయినా ఒక్క మాట ఎనక్కి తీసుకోలేదు.

ఏటి సెప్తన్నాను? ఆఁ, రూతు. ఆ గుంట పిస్టలు ట్రిగ్గరు బరువుగా ఉందంటే నానే మెత్తని స్ప్రింగు ఏసాను. ఏలు తేలిగ్గా కదులుతాది, కానీ సూది దెబ్బ కూడా తగ్గిపోద్ది. మెత్తని ప్రైమర్లతో ఏడాది... కాదు, ఏడాది మీదే, బాగా నడిసింది. రాష్ట్ర జట్టు ఎంపిక ఎల్లుండనగా క్లబ్బు సెక్రటరీ కొత్త ప్రైమర్ల డబ్బా తెచ్చాడు. "పాతవి దొరకలేదు హవల్దారూ. అన్నీ ఒకటే, నింపెయ్."

ఒకటి కాదు. ఆ రకం రేకు గట్టిదని నాకు మిలట్రీ రోజులనుంచీ తెలుసు. రూతు పిస్టల్లో ఏసి నాలుగు పేల్చి సూద్దునా అనుకున్నాను. పని తొందరలో ఒగ్గేసాను. నా తప్పు అదే, దాసుకోను.

పోటీ మా క్లబ్బులోనే. రూతు నిలబడ్డాది. మొదటి దెబ్బ నడిమధ్యన. తరవాతది టిక్. మళ్లీ టిక్. మొత్తానికి నాలుగు పేలలేదు. జడ్జీ వచ్చాడు. సెక్రటరీ అతని సెవి దగ్గిర ఏటో గొణిగాడు. సేతికి నిలకడ నేదు, ట్రిగ్గరు పూర్తిగా నొక్కలేదు అనీసి కాయితం మీద "షూటరు తప్పు" అని రాయించాడు. ఆ మాట అలాగుంటే ఇంక పోలీసు జట్టులో ఆ గుంటకి పిస్టలివ్వరు. రూతు పేలని నాలుగూ ఏరి బల్ల మీద వరసగా ఎట్టింది. సెక్రటరీ నవ్వి, "పిక్కలు కొట్టుకునే సేతులు, పిస్టలెందుకమ్మా?" అన్నాడు.

నాకు మండిపోయింది. "అయ్యా, పేలని నాలుగూ నావే. నింపింది నాను, స్ప్రింగు మార్చింది నాను. ఆ పిల్లదేటి తప్పు?" అన్నాను.

"ముసిలోడా, ఊరుకో. ఉద్యోగం పోద్ది."

"పోనీ! నీ ఉద్యోగం నాతో పుట్టిందేటి?"

ఆ నాలుగు తూటాలూ జడ్జీ అరసేతిలో ఎట్టాను. అడుగున సూది గుర్తు గోరుతో నొక్కినంతే ఉంది. స్ప్రింగు మార్చని పిస్టలు తెప్పించి, "ఇందులో ఏసి నువ్వే కొట్టు బాబూ" అన్నాను. నాలుగుకి నాలుగూ పేలాయి. నా బల్ల సొరుగులో పాత ప్రైమర్లతో నింపినవి పెట్టెడు మిగిలుంటే నాలుగు తీసి రూతు పిస్టల్లో ఏయించాను. ఒక్కటీ ఆగలేదు. జడ్జీ మంచోడే. పెట్టెలో మిగిలినయ్యితో మొదట్నించీ మళ్లీ కొట్టమన్నాడు.

సెక్రటరీ ఆఫీసులో కూకోని నన్ను తీసేత్తన్నట్టు కాయితం టైపు సేయిత్తన్నాడు. అది బయటికొచ్చేలోగా నాను తాళాలు బల్ల మీద పడేసి వచ్చేసాను. ఎవుడు ముందు అన్నది మీ అమ్మా మావయ్యా తేల్చుకోమను.

"మరి రూతు జట్టులోకెళ్లిందా తాతా?"

నేదు. నాలుగోది వచ్చినాది. ముగ్గుర్నే తీసుకున్నారు.

"అయితే ఏం లాభం?"

లాభమా? ఏటే అలాగంతన్నావు! నాలుగో స్థానం ఆ గుంట సేత్తో సంపాదించుకున్నాది, ముగ్గురు ఆ రోజు తనకంటే బాగా కొట్టారు, అంతే. మరుసటేడు మళ్లీ ఎల్లి నిలబడ్డాది, పిస్టలిచ్చారు కాబట్టే కదా నిలబడ్డాది. "షూటరు తప్పు" అన్నది నా ఎదురుగా కొట్టేయించాను. పక్కన "తూటా తప్పు" అని రాయించి కింద నా పేరెట్టించాను. ఇప్పుడెవుడు ఆ కాయితం తీసినా నా పేరే కనబడతాది. కనబడనీ!

సల్లగుండు తల్లీ. నీ తప్పయితే నీ పేరు నువ్వే రాసుకునే దైర్యం ఆ దేవుడు నీకివ్వాలి. ఇంకోడి తప్పు నీ పేరున రాత్తంటే మట్టుకు కలం లాక్కో. ఎవుడు నేర్పాడంటే, మా తాత అని సెప్పు.