బ్లాకు బయటపడ్డ లైను

అక్క ఇంటి ముందు గది, సాయంత్రం. తమ్ముడు ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది.

"నెమ్మదిగా మాట్లాడరా. మీ బావకి ఇప్పుడే కాస్త కునుకు పట్టింది."

"నెమ్మదిగానే మాట్లాడుతున్నానక్కా. ఈ ఒక్కటీ సరిచేసి పెట్టు, వెళ్లిపోతాను. రాత్రికల్లా కొత్త వెర్షన్ పంపకపోతే కస్టమర్లు ఒక్కొక్కళ్లే జారుకుంటారు."

"మీ ఆఫీసులో అంతమంది ఉన్నారుగా?"

"ఉన్నారు. రాసిన లైన్లని చదివే పార్సరుంది చూడు, అందులో ఆ భాగం ముట్టుకుంటే ఇంకోటేదో విరుగుతోంది. నువ్వు రాసింది నీకే తెలుసు."

"అబ్బో, ఇప్పుడు గుర్తొచ్చానా! ఈ ప్రోగ్రామింగ్ భాష పుట్టించింది నేను. 'అక్కకి కాలం చెల్లింది' అని కంపెనీ నుంచి సాగనంపింది నువ్వు."

"పాతవన్నీ ఇప్పుడెందుకు..."

"పాతవి తవ్వడం లేదురా. జరిగిందేమిటో నీ నోటితో చెప్పు."

"నీకు తెలీదా ఏంటి?"

"తెలుసు. నీ నోటితో వినాలి. రంగుల ఫ్యాక్టరీలో మీ బావ ఈ భాషలో ఏం రాశారు?"

"అద్దకం తొట్టి నడపడానికి ఒక బ్లాకు రాశారు. నీళ్లు వదులు, రంగు కలుపు, ఆవిరి తెరువు, కాసేపు ఆగు, ఆవిరి ఆపు. ఒకదాని కింద ఒకటి, అన్నీ ఒకే వరుసలో మొదలయ్యేలా."

"ఆ బ్లాకులు తెచ్చింది కూడా నువ్వే."

"కస్టమర్లకి అలా రాయడమే వచ్చు! ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి. నీలాగా అన్నీ ఫంక్షన్లుగా, లెక్కల సూత్రాల్లా ఎవరాలోచిస్తారక్కా?"

"కాదన్నానా? పైకి బ్లాకులా కనిపించనీ, లోపల నా ఫంక్షన్లే ఉంటాయి కదా అని నేనే రాసిచ్చాను. సరే, మీ బావ రాసిన చివరి లైను?"

"చివరి లైను... ఒక్క స్పేసు ఎడమకి జరిగింది."

"జరిగితే?"

"బ్లాకు అక్కడితో అయిపోయిందనుకుంది పార్సరు. ఆ లైనుని బయట పెట్టేసింది."

"పెట్టేసి? అరిచిందా? ఎర్ర గీత గీసిందా?"

"లేదు."

"మరి ఆ లైను ఏమైంది?"

"నీ భాషే కదా, నన్నడుగుతావేంటి? ఎవరైనా అడిగితే తప్ప దేన్నీ లెక్కగట్టదు. బ్లాకులో ఉంటే పై లైను అయ్యాక కింది లైనుని అడుగుతుంది. బయటపడ్డ దాన్ని అడిగే దిక్కేదీ?"

"అడగందే అమ్మైనా పెట్టదు. 'ఆవిరి ఆపు' అని మీ బావ రాసిన మాట అలాగే పడుంది. ఆవిరి ఆగలేదు. మూత లేచిపోయింది. పక్కనున్న మనిషి చెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది."

"ఇప్పుడు బాగానే ఉన్నాడట కదా."

"బాగానా! చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాడు. మీ బావ రోజూ ఆస్పత్రికెళ్లి అన్నం తినిపించి వస్తున్నారు. ఫ్యాక్టరీవాళ్లేమో తప్పు నీదేనని ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన కూడా తనదేననుకుంటున్నారు. అది చూడలేకపోతున్నానురా నేను."

"స్పేసు తప్పు పెట్టింది బావే కదా మరి..."

"పెడతారు! మనుషులన్నాక పెడతారు. అందుకేగా అక్కడ కాపలా పెట్టింది? ఎడమకి జరిగిన లైను పైనున్న ఏ బ్లాకుతోనూ కలవకపోతే పార్సరు అక్కడే ఆగి అరిచేది. దాన్ని ఎవడు తీసేశాడు?"

"తీసేయాల్సి వచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"డెమోలో తెర నిండా ఎర్ర గీతలు. 'మీ భాష అత్తగారిలా సాధిస్తోందే' అని అందరూ నవ్వారు. ఎవరు కొంటారు?"

"ఆ అత్తగారే ఉంటే ఆ చెయ్యి కాలేది కాదు."

"సరే, తప్పే! చేతులు కాలాక ఆకులు పట్టుకోడానికే వచ్చాను. పట్టుకోనీ."

"కాలినవి నీ చేతులు కావు నాయనా. చేసిపెడతాను. ఒక్క షరతు."

"చెప్పు."

"రేపు ఫ్యాక్టరీలో విచారణ అన్నావుగా. లైను జరగడం ఎవరికైనా మామూలే, చెప్పాల్సిన చోట నోరు మూసుకున్నది మా పార్సరు అని చెప్పు. మీ బావ ఎదురుగా చెప్పు. ఉద్యోగం తిరిగి ఇవ్వకపోతే మానె. ఆ మాట ఆయన చెవిన పడాలి."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే! ఇంకెలా చెప్పను? ముందు ఇది చూడు."

"ఇలా ఇయ్యి. ఇదేంట్రా, బ్లాకు ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టుకోవడమే మానేశారు!"

"మావాళ్లు వేగం కోసమని..."

"వేగమట, వేగం! బ్లాకు తెరుచుకోగానే దాని మొదటి లైను ఎక్కడ మొదలైందో దాచుకోవాలి. లోపల ఇంకో బ్లాకు వస్తే దానిది దీని మీద పేర్చుకోవాలి. కొత్త లైను సరిగ్గా అక్కడే మొదలైతే అదే బ్లాకు. కుడికి ఉంటే పై లైనుకే తోక. ఎడమకి ఉంటే ఒక్కో బ్లాకూ మూసుకుంటూ బయటికి రావాలి. దేనితోనూ కలవకపోతే..."

"ఆగి అరవాలి."

"గుర్తుందే!"

"నేర్పింది నువ్వేగా. ఇంకా ఏం టైపు చేస్తున్నావు?"

"అరవడానికి మాటలు కావాలిగా. ఎర్రర్ మెసేజీ రాస్తున్నాను."

"ఏదో ఒకటి పెట్టెయ్. ఎవరు చదువుతారు?... అమ్మయ్య, టెస్టులన్నీ పాసయ్యాయి! ఇలా ఇయ్యి, పంపించేస్తాను."

"ఒక్కసారి చదువుకో ముందు."

"నువ్వు రాశాక చదివేదేముంది? ఇదిగో, వెళ్లిపోయింది. కస్టమర్లందరికీ."

"సరే. రేపు విచారణ ఎన్నింటికి? మీ బావని నేనే తీసుకొస్తాను."

"అదీ... అక్కా, కూర్చో."

"కూర్చునే ఉన్నాను. ఎన్నింటికి?"

"రేపు లేదు."

"లేదంటే?"

"పొద్దున్నే అయిపోయింది. చెప్పాల్సింది చెప్పేసే వచ్చాను."

"ఏమని?"

"రాసినవాళ్ల పొరపాటని. కోప్పడకు! పార్సరు తప్పని ఒప్పుకుంటే మర్నాడే ఆఫీసుకి తాళం పడుతుంది. ఎంతమంది పొట్టలు చెప్పు! బావకి మన దగ్గరే ఏదో ఒకటి చూస్తాను. స్టోర్సులోనో, గేటు దగ్గరో..."

"గేటు దగ్గర!"

"మాటవరసకన్నాను."

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల గురించి విన్నాను. నువ్వు ఎక్కకముందే తగలేసి వచ్చావురా."

"తిట్టు. పడతాను."

"తిట్టను. తిట్టినా నీకు తగలదు. ఫోను మోగుతోంది, చూసుకో."

"తర్వాత చూస్తాను."

"మళ్లీ మోగుతోంది."

"ఎవరో కస్టమరు. మెసేజీ కూడా పెట్టాడు. 'తెర మీద మీరు రాసింది నిజమేనా' అట. ఏం రాశాం? అక్కా... ఏం రాశావు?"

"చదువుకోమన్నానుగా."

"అక్కా!"

"'ఈ లైను బ్లాకు బయటపడింది. ఇదివరకటి వెర్షన్లో మా పార్సరు ఇది చెప్పకుండా వదిలేసింది. రంగుల ఫ్యాక్టరీలో ఆవిరి ఆగకపోవడానికి కారణం అదే. తప్పు రాసినవాళ్లది కాదు, మాది.' లైను జరిగిన ప్రతి చోటా ఇదే వస్తుంది."

"నేను మాటిచ్చాను కదా, అయినా రాశావా!"

"నీ 'సరే' నాకు చిన్నప్పట్నుంచీ తెలుసురా."

"ఫ్యాక్టరీకి... ఫ్యాక్టరీకి కూడా వెళ్లిందా?"

"నువ్వే పంపావు. మీ బావ రాసిన బ్లాకు అక్కడింకా అలాగే ఉంది."

"ఇది ఫ్యాక్టరీ నంబరే! ఇప్పుడు నేనేం చెప్పను?"

"ఎత్తరా. అడిగేవాళ్లొచ్చారు, చెప్పు. కాస్త గట్టిగా చెప్పు, లోపల మీ బావకి వినపడాలి."