చౌకులో పుట్టిల్లు

రెండో ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన పోలండ్ రాజధాని వార్సా పాతబజారు చౌకును మళ్ళీ కట్టారు. ఒక కొత్త గుమ్మం ముందు తాపీమేస్త్రీ, అతని భార్య నిలబడ్డారు.

"నీ పుట్టిల్లేనే! ఆ పసుపు గోడలు, ఆ కిటికీలు, అన్నీ మునుపటిలాగే కట్టాం. ఉండడానికి మనకే ఇచ్చారు."

"మునుపటిలాగానా? మా అమ్మా, తమ్ముడు వీటెక్ ఈ నేలమాళిగలోనే ఇల్లు మీదపడి పోయారు. వాళ్ళ మీద నేను పొయ్యి వెలిగించి సూప్ కాచుకోవాలా?"

"నా మీద అరుస్తావేం? ఇక్కడ మనమనేవాళ్ళం మిగలకూడదనే కదా జర్మన్లు కూల్చింది!"

"అయితే?"

"నువ్వూ వెళ్ళిపోతే వాళ్ళు కోరుకున్నదే జరుగుతుంది. నాకు మాత్రం కడుపు మండదా? ఆ మంటతోనే ఒక్కో ఇటుకా పేర్చాను."

ఆమె గుమ్మం దగ్గరికి నడిచి చెయ్యి చాచింది.

"తాళంచెవి ఇటు పడెయ్. అమ్మ పడకగది ఎటో నాకు తెలుసు, నువ్వేం చూపించక్కర్లేదు."