మూత చప్పుడు

కారు స్టీరింగ్ కింద తగిలించిన స్కానర్‌ను మెకానిక్ ఊడదీసి, పక్కన నిలబడ్డ ఆవిడ వైపు తిరిగాడు.

"ఇంజిన్‌కేం కాలేదమ్మా. పెట్రోల్ ట్యాంకు మూత వదులుగా ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఆ ఇంజిన్ లైటు అందుకే వెలిగింది."

"మూతకీ ఇంజిన్ లైటుకీ ఏంటయ్యా సంబంధం?"

"లోపలి ఆవిరి బయటికి పోతుంటే బండి కనిపెట్టేస్తుందమ్మా. పెట్రోల్ కొట్టించాక మూత ఎవరు పెడుతున్నారు?"

"నెల్లాళ్లుగా నేనే. అంతకుముందు ఆయనే దిగి పెట్టేవారు. ఇంకొకళ్లని ముట్టుకోనిచ్చేవారు కాదు."

"సార్ ఊళ్లో లేరా?"

"ఆయన పోయి నెల దాటింది."

"అయ్యో, నాకు తెలీదమ్మా. పోయిన సర్వీసుకి వచ్చినప్పుడు ఇదిగో, ఈ స్టూలు మీదే కూర్చున్నారు."

"మూత ఎంతవరకు తిప్పాలో చెప్పు."

"టిక్కు టిక్కుమని మూడుసార్లు వినపడేదాకా."

"ఆ చప్పుడా... నేను పక్క సీట్లో కూర్చుంటే వెనకనుంచి వినపడేది. నన్ను ఉడికించడానికి చేస్తున్నారనుకుని, ఇక చాలు రండి అని కసిరేదాన్ని."

"ఇలా రండమ్మా, చూపిస్తాను. మీరే తిప్పుదురుగాని."

"రేపట్నుంచి ఎలాగూ నేనే తిప్పుకోవాలి. ఇవాళ్టికి నువ్వు తిప్పు. నేను వెళ్లి నా సీట్లో కూర్చుంటాను."

ఆవిడ డ్రైవర్ సీటు దాటి వెళ్లి, అవతలి తలుపు తీసింది.